ఎడమ కిటికీ

ఫోనులో ఆ అమ్మాయి అన్నది "అనుకరణశాల". కోదండపాణి చెవిలో పడింది "అలంకరణశాల".

తప్పంతా చెవిదే అనడానికి లేదు. ముప్పయ్యొక్క ఏళ్లు రాజమండ్రి స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చే బళ్లనీ పోయే బళ్లనీ ఊరికంతటికీ చెప్పిన మనిషి. బళ్లు వాటి దారిన పోయాయి, ఉద్యోగం దాని దారిన పోయింది, ఆ రొద మాత్రం ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని ఆయన ఎడమ చెవిలోనే కూర్చుండిపోయింది. పైగా ఆ అమ్మాయి రెండో మాటగా, "మంగళవారం పదింటికి రండి సార్, మీ ఆవిడగారి చెయ్యి సిద్ధం చేసి ఉంచుతాం" అంది. భార్య పోయిన నాలుగు నెలలకి అలాంటిది వింటే మొదటి మాట ఎవరికి గుర్తుంటుంది?

మంగళవారం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దానవాయిపేటలో పెళ్లిమండపాలు ముస్తాబు చేసే దుకాణానికి వెళ్లి నిలబడ్డాడు. లోపల చేమంతి దండలు గుచ్చుతున్న అమ్మాయి తలెత్తి, "ఎవరి తరఫండీ? అమ్మాయి తరఫా, అబ్బాయి తరఫా?" అని అడిగింది.

"అమ్మాయి తరఫే," అన్నాడు కోదండపాణి. అందులో అబద్ధం లేదు కదా.

పెళ్లికూతురి చేతి కొలత తెచ్చారా, గాజులకా గోరింటాకుకా అని ఆ పిల్ల మొదలెట్టింది. చెయ్యి మీ దగ్గరే ఉందన్నారు కదమ్మా అని ఈయన. చెయ్యి మా దగ్గర ఎందుకుంటుందండీ, కన్యాదానం అయ్యేదాకా నాన్నగారి దగ్గరే ఉంటుంది అని ఆ పిల్ల. అలా ఇద్దరూ చెరో పట్టాల మీద కాసేపు ప్రయాణం చేశాక, మా ఆవిడ పోయి నాలుగు నెలలైందమ్మా అని ఈయన అనవలసి వచ్చింది. ఆ పిల్ల దండ పక్కన పెట్టింది. ఆయన ఫోను తీసుకుని చూసి, ఇది అలంకరణశాల కాదు బాబాయ్ గారూ, అనుకరణశాల, ధవళేశ్వరం రోడ్డులో ఉంది, కార్లు గుద్దుకుంటే మళ్లీ గుద్దించి చూస్తారట అని మెల్లగా చెప్పింది. గ్లాసుడు మంచినీళ్లిచ్చి, తనే ఆటోని పిలిచింది.

ఆటో ఎక్కాక నవ్వొచ్చింది. నన్ను పెళ్లిపెద్దననుకున్నారు భ్రమరా అని మొదలెడితే భ్రమరాంబ ఎక్కడ నవ్వుతుందో, ఏ మాట దగ్గర "చాల్లెండి" అంటుందో అన్నీ చక్కగా కుదిరిపోయాయి. కోటిపల్లి బస్టాండు దాటేదాకా ఆ కథకి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది.

కోదండపాణి గొంతు రాజమండ్రిలో సగం మంది విన్నారు. ఆయన జోకులకి నవ్వింది మాత్రం ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషీ లేకపోతే జోకు అనేది, బండి లేని వేళ మైకులో చేసే ప్రకటన లాంటిది. గొంతు వెళ్తుంది, ఎవరూ కదలరు.

*

హస్తవాసి అని ఒక పెట్టె. టిఫిను డబ్బా అంత ఉంటుంది. అయిదేళ్ల కిందట సర్కారువారు ప్రతి కారులోనూ డ్రైవరు సీటు కింద పెట్టి తీరాలన్నారు. అది మాట్లాడదు, పాడదు, దారి చెప్పదు. నడిపేవాళ్ల చెయ్యి నేర్చుకుంటుంది, అంతే. మలుపులో స్టీరింగు ఎంత తిప్పుతారు, గతుకు చూసి కాలు ఎప్పుడు నొక్కుతారు, హారను ఒకటి కొడతారా రెండా, అన్నీ. రెండేళ్లు కింద పడి ఉంటే చాలు, ఆ మనిషి లేకపోయినా ఆ మనిషి లాగే నడపగలదు.

నడిపేవాళ్లు ప్రమాదంలో పోతే ఆ పెట్టెని విప్పి అనుకరణశాలకి తెస్తారు. చక్రాల్లేని కారు డొల్ల ఒకటి, స్ప్రింగుల మీద. చుట్టూ తెరలు. తెరల మీద అదే రోడ్డు, అదే వెలుగు, అదే ఎదురుబండి. డ్రైవరు సీటు ఖాళీ. పెట్టె నడుపుతుంది, వందసార్లు. వందలో ఎన్నిసార్లు గుద్దితే పోయిన మనిషిది అన్ని పాళ్ల తప్పు. మిగతా పాళ్లు అవతలివాళ్లవి. కోర్టులో ఏళ్ల తరబడి సాగే వ్యవహారం ఒక్క పూటలో తేలిపోతుంది. చచ్చినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పినట్టే కదా, ఇంకేం కావాలి అన్నారు దాన్ని కనిపెట్టినవాళ్లు.

కడియంలో భ్రమరాంబకి నర్సరీ. ఆవిడ హస్తవాసి మంచిది, ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందని చుట్టుపక్కల తోటలవాళ్లంతా చెప్పుకునేవారు. కారులో ఈ పెట్టె బిగించిన రోజున, "సర్కారు నీ హస్తవాసిని పెట్టెలో పెట్టింది, నా నోటివాసిని పెట్టడానికి పెట్టె దొరకలేదు కాబోలు" అన్నాడు కోదండపాణి. దొరికినా మూత పడదండీ అందావిడ.

మార్గశిరంలో ఒక ఉదయం, మంచు ఇంకా విడవకముందే, ఆవిడ కొవ్వూరులో ఒకరికి మొక్క ఇవ్వడానికి కారులో బయల్దేరింది. గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన నడిమధ్యన, సైకిలు మీద తేగల గంప కట్టుకుని పోతున్న తలుపులు అనే మనిషిని గుద్ది, కుడివైపు స్తంభానికి కొట్టుకుంది. ఇద్దరూ అక్కడే పోయారు.

మామూలుగా ఆ ప్రయాణాల్లో కోదండపాణి ఎడమ సీటులో ఉండేవాడు. ఆయనకి కారు నడపడం రాదు. కబుర్లు నడపడం వచ్చు. ఆ ముందురోజు దవడపన్ను పీకించుకున్నాడు, నోరు పెగల్లేదు. మాట్లాడలేనప్పుడు నేనొచ్చి ఏం లాభం అని చేత్తో సైగ చేశాడు. ఆవిడ నవ్వి, "మీ సీటులో కుండీ పెట్టుకుపోతాలెండి. మీకన్నా బుద్ధిగా కూర్చుంటుంది" అంది.

ముప్పయ్యేళ్ల కాపురంలో ఆఖరి జోకు ఆవిడదే. ఆయన బదులు చెప్పలేకపోయాడు.

*

బీమా ఉందన్న ధీమా మొదటి వాయిదాకే చెదిరింది. బీమా కంపెనీ తరఫు లాయరు శేషాచలపతి సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. కేకలెయ్యడు. కేకలేసేవాళ్లతో కోదండపాణికి భయం లేదు, ఈయనతోనే వచ్చింది చిక్కు. హస్తవాసి పెట్టెలోని పద్దు చదివి వినిపించాడు. ఎడమ సీటు నిండి ఉంది. బెల్టు పెట్టి ఉంది. గుద్దిన తొంభై సెకన్లకి ఎవరో బెల్టు విప్పారు. గుద్దడానికి మూడు సెకన్ల ముందు ఎడమ కిటికీ అద్దం దించారు. కాబట్టి కారులో ఇంకో మనిషి ఉన్నాడు, దెబ్బలు తగలక దిగి వెళ్లిపోయాడు, సొంత కారుని కిరాయికి తిప్పుతున్నారు, కిరాయికి తిప్పితే బీమా చెల్లదు అన్నాడు.

కోదండపాణి లేచి, అది మనిషి కాదండీ, మొక్క అన్నాడు. పదిహేనేళ్ల మరుగుజ్జు చింత. కడియంలో ఖరీదైన కుండీని వెనకాల పడెయ్యరు, ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెడతారు, ఏ నర్సరీ వాళ్లనైనా అడగండి అన్నాడు. మరి ఆ మొక్కేదీ అన్నాడు లాయరు. జనం మూగారు కదండీ, ఎవరో బెల్టు విప్పి ఎత్తుకుపోయి ఉంటారు అన్నాడు ఈయన. ఇద్దరు మనుషులు పోయి పడి ఉన్న చోట మొక్క ఎత్తుకుపోయేవాళ్లుంటారా అని శేషాచలపతి హాలు వైపు తిరిగి అడిగాడు. హాలు ఏమీ అనలేదు. ఉంటారని అందరికీ తెలుసు.

"సరే, మొక్కే అనుకుందాం," అన్నాడు లాయరు. "అంత చలిలో, మంచు కురుస్తుంటే మొక్క వైపు అద్దం ఎందుకు దించారండీ? మొక్క అడిగిందా?"

హాలు నవ్వింది. జడ్జిగారు, పెద్దావిడ, ఆవిడ కూడా పెదవి బిగబట్టారు. పరిహారం కోసం వెళ్లినవాడికి పరిహాసం దక్కింది. జీవితంలో మొదటిసారి ఒక హాలు నిండా జనం నవ్వడం కోదండపాణి చూశాడు, అదీ వేరేవాడి జోకుకి.

నిజంగానే ఎందుకు దించింది? ఆ ప్రశ్న కోర్టులో ఆగలేదు, ఆయనతో పాటు బస్సెక్కి ఇంటికొచ్చింది. కడియంలోనూ దిగింది. ముందు సీటులో ఎవరో ఉన్నారటగా అని పాలవాడు అన్నాడు. ఉన్నారట, అనేది గౌరవవాచకమో వెటకారమో తేల్చుకోలేక ఆయన చెంబు అందుకుని లోపలికి వచ్చేశాడు. అద్దం ముందు నిలబడి, ఛ, నువ్వు కూడానా అని తనని తానే అడిగాడు. కానీ అడిగినంత మాత్రాన ప్రశ్న దిగిపోలేదు. అన్నేళ్ల కాపురంలో తనకి తెలియని అద్దం ఒకటి దిగి ఉంది, అంతే.

అనుకరణశాల లెక్క మాత్రం ఆవిడ పక్షానే ఉంది. రూలు ప్రకారం స్టీరింగునీ, కాళ్ల కింది మీటల్నీ, హారనునీ తప్ప మిగతావన్నీ కట్టేసి నడుపుతారు. అలా నడిపితే వందలో నాలుగుసార్లే గుద్దింది. నాలుగు పాళ్లంటే తప్పు లేనట్టే. తొంభయ్యారు పాళ్లు సైకిలు మనిషిది. ఆ కాగితం కోదండపాణి మడిచి, ఆవిడ కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. లోకం ఏమన్నా అననీ, నాలుగంటే నాలుగే అనుకునేవాడు.

ఎడమ సీటులో మనిషి ఉంటే చెయ్యి నడత మారుతుంది, మనిషిని కూర్చోబెట్టి మళ్లీ నడపాలని శేషాచలపతి అర్జీ పెట్టాడు. ఆ చేతికి అలవాటైన మనిషే కూర్చోవాలన్నది అనుకరణశాల రూలు. ఫోను అందుకే వచ్చింది.

*

అక్కడి అధికారి నస్రీన్, నలభై లోపు మనిషి. అలంకరణశాల కథ విని నవ్వింది. చాలా రోజులకి ఒకరు నవ్వారు. కోదండపాణికి ఆ నవ్వు చాలక రెండోసారి చెప్పబోయి మానుకున్నాడు.

సాయంత్రం అసలు పరుగులు మొదలయ్యేలోపు ఒక్కసారి ఊరికే కూర్చుంటారా బాబాయ్ గారూ అని ఆవిడే అడిగింది. "ఇది లెక్కలోకి రాదు. అన్నీ విప్పేసి నడుపుతాను. రేడియో, అద్దాలు, చల్లగాలి, అన్నీ. ఆవిడ ఎలా నడిపేవారో అలాగే ఉంటుంది. కడియం గేటు దగ్గర్నుంచి మొదలెడతాను."

డొల్లలో ఎడమ సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కుడి పక్కన ఎవరూ లేరు. తెర మీద నర్సరీ గేటు. స్టీరింగు దానంతటదే ఇటు కొంచెం, అటు కొంచెం కదిలింది, ఆవిడ బయల్దేరే ముందు చేతులు సర్దుకున్నట్టు. హారను రెండుసార్లు మోగింది. గేటు దగ్గర కుక్క కోసం కొట్టేది. ఆ కుక్క పోయి ఏడాదైనా కొడుతూనే ఉండేది.

ఆయన వైపు గాలి తగ్గింది. ఆయనకి జలుబు తత్వం. రేడియో వెలిగి, ఆయన నోరు విప్పే వేళకి తగ్గిపోయింది. ఆయన ఏదో అనాలి కాబట్టి, "పోతూ పోతూ చెయ్యిచ్చి పోయావే" అన్నాడు. చెయ్యివ్వడం అంటే మోసం చెయ్యడం అని లోకం అనుకుంటుంది, నువ్వు అక్షరాలా ఇచ్చి పోయావు అని వివరించాడు కూడా. ఖాళీ సీటు "చాల్లెండి" అనలేదు. వేమగిరి దగ్గర మలుపు మాత్రం ఎప్పటిలా కాస్త ముందుగా, మెత్తగా తీసుకుంది. ఇన్నేళ్లూ ఆ మలుపు ఉందని కూడా తెలియకుండా కబుర్లు చెప్పుకుంటూ పోయాడు తను.

వంతెన ఎక్కింది. తెరల మీద మంచు, కింద ఎక్కడో నీళ్లు. నడిమధ్యకి వచ్చేసరికి ఆయన పక్క అద్దం మెల్లగా దిగింది.

ఆయన చెయ్యి దానంతటది జేబులోకి వెళ్లింది.

జేబులో రూపాయి బిళ్ల లేదు. నాలుగు నెలలుగా వంతెన దాటే అవసరమే రాలేదు. కానీ వేళ్లు దాని కోసం వెతుకుతున్నాయి. గోదావరి దాటినప్పుడల్లా తల్లికి ఒక రూపాయి వెయ్యడం ఆయన అమ్మ నేర్పిన అలవాటు. రైల్లో వేశాడు, బస్సులో వేశాడు, ఊరంతా చిల్లర మానేసి ఫోన్లతో బేరాలాడే రోజుల్లో కూడా పాత బిళ్లలు కాఫీపొడి డబ్బాలో దాచుకుని మరీ వేశాడు. కబుర్ల మధ్యలో చెయ్యి జేబులోకి పోయేది, బిళ్ల బయటికి పోయేది. మధ్యలో ఒక అద్దం ఉంటుందని, దాన్ని ఎవరో దించితేనే దిగుతుందని ఆయనకి ఏనాడూ తట్టలేదు. ఆ మీట ఎక్కడుంటుందో కూడా తెలియదు. అద్దం ఎప్పుడూ దిగే ఉండేది మరి.

ఆ రోజు సీటులో మొక్క కూర్చుంది. చెయ్యి మాత్రం మొక్కు తీర్చేవాడు కూర్చున్నాడనే అనుకుంది.

డొల్ల ఆగింది. నస్రీన్ తలుపు తీసింది. ఆయన చెప్పింది విన్నాక ఖాళీ సీటుతో ఒకసారి నడిపి చూసింది. అద్దం దిగింది. కుండీ బరువు పెట్టి నడిపింది. దిగింది. పదిసార్లు నడిపితే పదిసార్లూ అక్కడే దిగింది.

"కుడిచెయ్యి స్టీరింగు వదిలి తలుపు మీద మీట నొక్కుతోంది బాబాయ్ గారూ," అంది నస్రీన్. "సెకను పైన. చూపు కూడా అటే పోతుంది. సరిగ్గా అప్పుడే ఆ సైకిలు గతుకు తప్పించుకుంటూ అడుగు పక్కకి జరిగింది." తెరలు ఆర్పేసి అంది. "మీరు చెప్తే మనిషి లేడని తేలిపోతుంది. కానీ అద్దాలు విప్పి వందసార్లూ మళ్లీ నడపాలి. నాలుగు నాలుగులా ఉండదు. చెప్పకపోతే నేను చెప్పను. ఇది లెక్కలోది కాదు."

సాయంత్రం అన్నీ కట్టేసి, లాయరుగారి మనిషి చూస్తుండగా ఆయన్ని కూర్చోబెట్టి వందసార్లు నడిపారు. అయిదుసార్లు గుద్దింది. వందసార్లూ వంతెన మధ్యకి రాగానే బిగించేసిన ఆ అద్దం వైపు కోదండపాణి తల తిప్పాడు. పక్కనున్న చెయ్యి మాత్రం స్టీరింగు వదల్లేదు. దానికి అనుమతి లేదు.

*

నర్సరీలో మొక్కలు ఒక్కొక్కటే ఆకులు రాలుస్తున్నాయి. నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఎక్కువ పోస్తున్నాడో తక్కువ పోస్తున్నాడో చెప్పే మనిషి లేదు. అలంకరణశాల కథ గులాబీ అంట్లకి ఒకసారి, క్రోటన్లకి ఒకసారి చెప్పాడు. మొక్కలకి నవ్వు రాదు. వచ్చినా నీళ్లు పోసేవాణ్ని చూసి వస్తుంది.

ఆ గురువారం పొద్దున్న గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. సైకిలు మనిషి తలుపుల పెళ్లాం, నూకరత్నం. కోర్టులో దూరంగా చూడడమే గానీ మాట్లాడింది లేదు. తలుపులు అన్న పేరు మొదటిసారి విన్నప్పుడు, పాత అలవాటు కొద్దీ, తలుపులూ కిటికీలూ అని ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది కోదండపాణికి. ఇప్పుడు ఆ కిటికీ సంగతి తెలిశాక ఆ మాట నోట్లోనే చేదెక్కింది.

కూర్చోమంటే కూర్చోలేదు. కుండీల వరసలు చూస్తూ నిలబడే అడిగింది. "ఆ సీట్లో ఎవరున్నారో సెప్పెయ్యండి బాబూ. కేసు కోసం కాదు. ఆయనెవరో మావోణ్ని ఆకరిసారి సూసుంటాడు కదా. ఏవన్నా అన్నాడేమో అడుగుతాను."

కోదండపాణి నీళ్ల చెంబు కింద పెట్టాడు. ఆవిడ తనే మాట్లాడింది. తొంభయ్యారు పాళ్లు తప్పు మావోడిదే అని కాయితం వచ్చిందంది. పదహారేళ్లు ఆ వంతెన మీద తేగలూ ముంజెకాయలూ మోశాడు, కారు గీరుకుంది లేదు, తాగే మనిషి కాడు, ఎందుకు అడ్డం పోతాడండీ అంది. తాగి పడ్డాడని మా వీధిలోనే అంటున్నారు, తేగలు కొనేవాళ్లు కూడా అదోలా చూస్తున్నారు అంది. ఏడవలేదు. ఆయనెవరో తెలిస్తే కబురెట్టండి అని చెప్పి, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయింది.

ఆవిడ పోయాక కోదండపాణి కళ్లజోడు పెట్టె తీసి, మడత కాగితం విప్పాడు. నాలుగు. ఆ అంకె ఇన్నాళ్లూ ఆయనకి భ్రమరాంబ ముఖంలా కనిపించేది. ఇప్పుడు దాని వెనక తొంభయ్యారు కూడా కనిపించింది. ఆవిడ పేరు తెల్లగా ఉండాలంటే ఆ మరక ఎక్కడో ఒకచోట పడాలి, తేగల గంప మీద పడింది.

నువ్వయితే ఏం చేసేదానివి అని ఖాళీ కుర్చీని అడిగాడు. జవాబు కోసం ఆగాడు కూడా. ముప్పయ్యేళ్లలో తను అడిగి, తను ఆగింది బహుశా అదే మొదటిసారి.

*

వాయిదా రోజున కోర్టు గుమాస్తా రిజిస్టరు తెరిచి, "మీరు ఎవరి తరఫు సాక్ష్యం?" అని అడిగాడు.

"మా ఆవిడ తరఫే," అన్నాడు కోదండపాణి.

బోనులో నిలబడి, గొంతు సవరించుకుని, "దయచేసి వినండి" అన్నాడు. అలవాటు. వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన ఆగి, ఆ నవ్వు అయిపోయాక, స్టేషన్లో అందరికీ వినపడేలా చెప్పినట్టే చెప్పాడు. ఆ రోజు కారులో మనిషి లేడు. మొక్క ఉంది. అద్దం దించింది మొక్క కోసం కాదు. తను గోదావరి దాటినప్పుడల్లా రూపాయి వేస్తాడు. ఆవిడ దించుతుంది. ఎన్నేళ్లుగా దించుతోందో తనకి తెలియదు, దించుతోందని తెలిసిందే మొన్న. ఆ రోజు తను లేడు, పన్ను పీకించుకుని ఇంట్లో పడుకున్నాడు. ఆవిడ చేతికి ఆ సంగతి గుర్తులేదు.

శేషాచలపతి లేచి, అంటే ఆవిడ చెయ్యి స్టీరింగు మీద లేదని మీరే ఒప్పుకుంటున్నారా అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. ఒప్పుకుంటున్నానండీ అన్నాడు కోదండపాణి. ఇది మీకు నష్టమని తెలుసా, ఆవిడ పేరున వచ్చే బీమా ఇక రాదు, తప్పు ఆవిడ పేరు మీద పడుతుంది అని జడ్జిగారు హెచ్చరించారు. తెలుసమ్మా అన్నాడు.

అనుకరణశాలకి కబురు వెళ్లి, నస్రీన్ అద్దాలు విప్పి మళ్లీ వందసార్లు నడపడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అరవై మూడు. నస్రీన్ కోర్టుకొచ్చి ఆ అంకె చదువుతున్నప్పుడు ఆయన వైపు చూడలేదు. వందసార్లూ అద్దం దిగింది అని మాత్రం, ఎవరూ అడక్కపోయినా, చివర్లో చెప్పింది.

కిరాయి మనిషి లేడు కాబట్టి అవతలివాళ్ల నష్టానికి బీమా చెల్లుతుందన్నారు జడ్జిగారు. తలుపులు గతుకు తప్పించుకున్నాడే గానీ అడ్డం పోలేదు, తాగి లేడు, నూకరత్నానికి రావలసింది కంపెనీయే ఇవ్వాలన్నారు. కారు నడిపిన గంటి భ్రమరాంబది తప్పని తేలిందన్నారు. ఆ మాట దగ్గర కోదండపాణి బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"ఎడమ సీటులో ఎవరూ లేరన్నమాట," అంది నూకరత్నం వెనక నుంచి, ఎవర్నీ ఉద్దేశించకుండా.

"లేరమ్మా," అన్నాడు కోదండపాణి. "మీ ఆయన్ని ఆఖరిసారి చూసింది మా ఆవిడే. మా ఆవిణ్ని చూసింది మీ ఆయనే. ఇంకెవరూ లేరు."

నూకరత్నం తలాడించింది. పక్కనున్న సంచీని ఒళ్లోకి తీసుకుని, బెంచీ మీద ఆయనకి చోటు చేసింది.

గుమాస్తా తీర్పు కాగితం నింపుతూ మధ్యలో ఆగిపోయాడు. సీటు గడిలో మొక్క అని రాశానమ్మా, కిటికీ ఎందుకు దించారో కారణం గడి ఉంది, అందులో ఏం రాయమంటారు అని జడ్జిగారిని అడిగాడు. మొక్కు అని రాయమంటారా, అలవాటు అని రాయమంటారా? జడ్జిగారు కలం ఆపి కోదండపాణి వైపు చూశారు.

"నా పేరు రాసుకోండి," అన్నాడాయన. రాసే గుమాస్తా తడబడకుండా ఉండేలా, స్టేషన్లో బండి పేరు చెప్పినట్టు మెల్లగా, విడివిడిగా, రెండుసార్లు చెప్పాడు.